రాత్రి ఆకాశంలో ఏదో వెలుగు కనిపించింది, ఏంటది? నెల్లూరు, ప్రకాశం వైపు వాళ్లు తరచుగా అడిగే ప్రశ్నలు

శ్రీహరికోట నుంచి రాత్రిపూట రాకెట్ ఎగిరిన ప్రతిసారీ, పడమట శుక్రుడు బాగా వెలిగే నెలల్లో ప్రతి సాయంత్రమూ నాకు అవే ఫోన్లు, అవే వణికిపోయే వీడియోలు వస్తుంటాయి. నేను కావలిలో ఉంటాను. శాస్త్రవేత్తను కాదు, మిద్దె మీద చిన్న టెలిస్కోపు పెట్టుకుని పదిహేనేళ్లుగా ఆకాశం చూస్తున్న మనిషిని, అంతే. అడిగిందే మళ్లీ అడుగుతున్నారని విసుగు లేదు, అడగడమే మంచిది. కాకపోతే ఫోన్‌లో హడావిడిగా చెప్పేటప్పుడు సగం విషయాలు మర్చిపోతున్నాను, అందుకని అన్నీ ఒకచోట రాసి పెడుతున్నాను. మీకు కావాల్సిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లిపోవచ్చు.

## వెలుగు ఇంకా కనిపిస్తూ ఉండగానే

అన్నా, ఇప్పుడే కనిపిస్తా ఉంది, ముందు ఏం చెయ్యాల?

ముందు టైం చూసుకోండి, నిమిషంతో సహా. తర్వాత ఏ దిక్కున ఉందో చూడండి. దిక్కు తెలియకపోతే "సముద్రం వైపు", "హైవే వైపు", "గుడి గోపురం మీదుగా" అని గుర్తుపెట్టుకున్నా చాలు, తెల్లారాక లెక్క కట్టొచ్చు. ఎంత ఎత్తులో ఉందో కొలవడానికి చెయ్యి చాచి పిడికిలి బిగించండి, ఒక పిడికిలి వెడల్పు దాదాపు 10 డిగ్రీలు. నేల అంచు నుంచి వెలుగు దాకా ఎన్ని పిడికిళ్లు పట్టాయో చెప్తే నాకు సగం జవాబు దొరికినట్టే. మినుకుమంటోందా, నిలకడగా ఉందా, రంగు మారుతోందా, చప్పుడు ఉందా, ఇవి కూడా చూడండి. పక్కన ఇంకొకరు ఉంటే మాట్లాడుకోకుండా ఎవరికి వాళ్లు రాసుకోండి. మాట్లాడుకుంటే ఒకరు చూసింది రెండోవాళ్ల జ్ఞాపకంలోకి వచ్చేస్తుంది, ఇది నేను చాలాసార్లు గమనించాను.

అది కదులుతోందో లేదో నాకే అర్థం కావడం లేదు, కాసేపు జరిగినట్టు, కాసేపు ఆగినట్టు ఉంది

చీకట్లో ఒక్క చుక్కనే కన్నార్పకుండా చూస్తే ఎవరికైనా అది కదులుతున్నట్టే అనిపిస్తుంది. పక్కన పోల్చుకోవడానికి ఏమీ లేనప్పుడు మన కంటి చిన్న చిన్న కదలికల్ని మెదడు ఆ చుక్క కదలికగా తీసుకుంటుంది. మబ్బులు పరిగెడుతుంటే చుక్కే పరిగెడుతున్నట్టు ఉంటుంది. గోడకి ఆనుకుని, తల కదపకుండా, ఆ వెలుగుని కొబ్బరిమట్ట కొసకో కరెంటు తీగకో ఆనించి ఐదు నిమిషాలు చూడండి. ఐదు నిమిషాలకి చాచిన చేతి వేలి వెడల్పంత మాత్రమే పడమటికి జరిగితే అది నక్షత్రమో గ్రహమో. ఆకాశమంతా గంటకి 15 డిగ్రీల చొప్పున అలా తిరుగుతూనే ఉంటుంది.

వీడియో తీసి జూమ్ చేస్తే పళ్లెం లాగా గుండ్రంగా, లోపల ఏదో తిరుగుతున్నట్టు వస్తోంది

ఆ పళ్లెం ఆకాశంలో లేదు, మీ ఫోన్ లెన్సులో ఉంది. చీకట్లో చిన్న చుక్క మీద ఫోకస్ కుదరక కెమెరా ఆ చుక్కని బిళ్లలాగా సాగదీస్తుంది, లోపల తిరిగేది గాలి చలనమూ మీ చేతి వణుకూ. శుక్రుడి మీద ప్రయత్నించండి, సరిగ్గా అలాంటి బిళ్లే వస్తుంది. జూమ్ చెయ్యకుండా, చెట్టో ఇంటి అంచో కూడా ఫ్రేములో పడేలా, ఫోన్‌ని పిట్టగోడ మీద ఆనించి తియ్యండి. చూడటానికి ఏమీ లేనట్టు ఉండే ఆ వీడియోతోనే దిక్కూ ఎత్తూ తేల్చొచ్చు.

సముద్రం మీద ఎర్రటి వెలుగు పైకి లేచి మెల్లగా దిగింది. పట్టించుకోవాలా?

తప్పకుండా పట్టించుకోవాలి. ఈ పేజీలో మీరు ఒక్కటే గుర్తుపెట్టుకుంటే ఇదే గుర్తుపెట్టుకోండి. ఆపదలో ఉన్న ఓడ నుంచో బోటు నుంచో వదిలే ఎర్ర ఫ్లేర్ అయి ఉండొచ్చు. పారాచూట్ ఫ్లేర్ సుమారు 300 మీటర్ల ఎత్తుకి లేచి, చిన్న గొడుగు కట్టుకుని ఎర్రగా మండుతూ 40 సెకన్ల పాటు నిదానంగా కిందికి దిగుతుంది. చేత్తో పట్టుకునే రకం అయితే నీటి మట్టానికి దగ్గరగా ఎర్ర మంటలాగా ఒక నిమిషం కనిపిస్తుంది. కోస్ట్ గార్డ్ నంబరు 1554, మెరైన్ పోలీసుల నంబరు 1093. ఏ రేవు దగ్గర నిలబడి, ఏ దిక్కున, ఎన్ని గంటలకి చూశారో చెప్పండి. పెళ్లి బాణసంచా అయి ఉంటుందేమో, నవ్వుతారేమో అని ఆగొద్దు. తుఫాను హెచ్చరిక ఉన్న రాత్రి, వేటకి వెళ్లినవాళ్లు తిరిగిరాని రాత్రి అసలే ఆగొద్దు. ఫోన్ చేసి తప్పయితే పోయేదేమీ లేదు.

లేజర్ లైట్ వేసి చూడొచ్చా?

వద్దు. అది విమానం అయితే పైలట్ కళ్లు బైర్లు కమ్ముతాయి. ల్యాండింగ్‌కి దిగుతున్న విమానమైతే మరీ ప్రమాదం, చట్టరీత్యా కూడా నేరం.

## కదలకుండా ఒకేచోట ఉన్న వెలుగు

పడమటి వైపు పెద్ద తెల్లటి వెలుగు, రోజూ అదే టైంకి వస్తోంది, చుక్క అయితే అంత పెద్దగా ఉండదు కదా?

ఉంటుంది. అది శుక్రుడు. సూర్యచంద్రుల తర్వాత ఆకాశంలో అన్నిటికంటే ఎక్కువ వెలిగేది అదే, బాగా చీకటి ఉన్నచోట దాని వెలుగుకి నీడ కూడా పడుతుంది. కొన్ని నెలలు పొద్దు గుంకాక పడమట, కొన్ని నెలలు తెల్లవారుజామున తూర్పున. మన పెద్దవాళ్లు వేగుచుక్క అని పిలిచింది దీన్నే, దాన్ని చూసే బండ్లు కట్టుకుని సంతకి బయల్దేరేవాళ్లు. సూర్యుడి నుంచి 47 డిగ్రీలకి మించి దూరం పోదు కాబట్టి పొద్దు గుంకిన మూడు, మూడున్నర గంటల్లోపే అస్తమిస్తుంది. అంటే మీరు అర్ధరాత్రి నడినెత్తిన చూసింది శుక్రుడు కానే కాదు, గురుడు కావచ్చు. 2023 మార్చి 24 సాయంత్రం నెలవంక కింద శుక్రుడు వేలాడినట్టు కనిపించినప్పుడు దేశమంతా ఫోటోలు తీసింది, మీ ఫోన్‌లో కూడా ఉండే ఉంటుంది, వెతకండి.

చలికాలంలో దక్షిణం వైపు కిందుగా ఒకటి ఎరుపు, ఆకుపచ్చ, నీలం మారుతూ మెరుస్తోంది. డ్రోన్ అంటున్నారు

అగస్త్య నక్షత్రం అయి ఉంటుంది. ఆకాశంలో రెండో అతి ప్రకాశవంతమైన నక్షత్రం. నెల్లూరు నుంచి చూస్తే అది ఎంత పైకి వచ్చినా 23 డిగ్రీలే, అంటే రెండు పిడికిళ్లకి కొంచెం ఎక్కువ. అంత కిందుగా ఉన్న చుక్క వెలుగు మన కంటికి చేరాలంటే చాలా మందం గాలిని దాటుకుని రావాలి, ఆ గాలి కదిలినప్పుడల్లా రంగులు విడిపోయి మెరుస్తాయి. దానికి పైన, కొంచెం తూర్పుగా ఇంకా పెద్దగా మెరిసేది లుబ్ధకం, అన్నిటికంటే ప్రకాశవంతమైన నక్షత్రం. డ్రోన్ అయితే బ్యాటరీ అరగంటకో ముప్పావుగంటకో అయిపోతుంది. మూడు గంటలు అక్కడే ఉండి, రేపు నాలుగు నిమిషాలు ముందుగా అదే చోటికి వస్తే అది నక్షత్రమే.

మైపాడు బీచిలో ఉన్నాం, సముద్రంలోంచి మంట లేచినట్టు ఎర్రగా కనిపించింది, ఓడ తగలబడుతోందా?

ఇది నాకే జరిగింది. పౌర్ణమి వెళ్లిన నాలుగో రోజు అనుకుంటాను, రాత్రి తొమ్మిది దాటింది, ఇసుకలో కూర్చున్నాం. దూరంగా నీటి అంచు మీద నిప్పుకణిక లాంటి ఎరుపు, మధ్యలో నల్లటి మబ్బు గీత, దాని కింద ఇంకో ముక్క ఎరుపు. పక్కన పల్లీలు అమ్మే ఆమె కూడా బండి ఆపి లేచి నిలబడింది. రెండు నిమిషాల్లో ఆ రెండు ముక్కలూ కలిసి, సగం నలిగిన నారింజపండు లాగా చంద్రుడు బయటికి వచ్చాడు. పౌర్ణమి తర్వాత చంద్రుడు రోజుకి సుమారు ముప్పావు గంట నుంచి గంట ఆలస్యంగా వస్తాడు కాబట్టి మనం ఎదురుచూడని టైంకి కనిపిస్తాడు, కింద గాలి పొరల వల్ల ఎర్రగా, నొక్కినట్టు ఉంటాడు. ఐదు నిమిషాలు ఆగితే తేలిపోతుంది. చంద్రుడు కాకపోతే, వెలుగు పెరుగుతూ పొగ కూడా కనిపిస్తే 1554 కి ఫోన్ చెయ్యండి.

సముద్రం మీద వరసగా తెల్లటి దీపాలు, గాల్లో తేలుతున్నట్టు ఉన్నాయి

కృష్ణపట్నం వైపు అయితే రేవులోకి వెళ్లడానికి వరస కోసం లంగరు వేసుకుని ఆగిన ఓడలు, లేకపోతే వేట బోట్లు. నీటి మీద చల్లగాలి, దాని పైన వేడిగాలి ఉన్న రాత్రుల్లో వెలుగు వంగి వచ్చి దీపాలు నీటికి పైన లేచినట్టు కనిపిస్తాయి. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం ఉంటుంది, ఆ రెండు నెలల్లో మరబోట్లు పోవు కాబట్టి అప్పుడు కనిపించేవి చాలావరకు ఓడలవే.

ఉదయగిరి వైపు కొండల మీద దీపాల వరస కనిపించింది, అక్కడ ఊళ్లే లేవు

ఎండాకాలం అయితే ముందుగా కార్చిచ్చు అనుకోండి. వెలిగొండల్లో ఎండుగడ్డి అంటుకుంటే మంట సన్నటి గీతలాగా కొండ వాలు మీద పాకుతుంది. చీకట్లో కొండ కనిపించదు, మంట మాత్రమే కనిపిస్తుంది, కాబట్టి ఆకాశంలో దీపాలు వేలాడుతున్నట్టే ఉంటుంది.

ఒక విషయం చెప్పాలి. కొన్నేళ్ల కింద ఆ వైపు నుంచి ఒక పెద్దాయన ఫోన్ చేసి పడమట వెలుగుంది నాయనా అంటే, ఎత్తు కూడా అడక్కుండా శుక్రుడు లెండి అని పెట్టేశాను. వారం తర్వాత అటు వెళ్తే ఆయన చూపించిన కొండ పక్కంతా నల్లగా కాలి ఉంది. ఆయన సరిగ్గానే చూశారు, నేనే సరిగ్గా వినలేదు. ఆ రోజు నుంచి ఎవరు అడిగినా నాలుగు ప్రశ్నలు తిరిగి అడగకుండా జవాబు చెప్పడం మానేశాను. మంట అనిపిస్తే అటవీశాఖ వాళ్లకి గానీ, 101 కి గానీ చెప్పండి.

## కదులుతున్న వెలుగు

మెరవకుండా, చప్పుడు లేకుండా ఒక చుక్క నిదానంగా ఆకాశం దాటి మధ్యలో ఆరిపోయింది

శాటిలైట్. దానికి సొంత దీపం ఉండదు, పైన ఇంకా ఎండ ఉంటుంది కాబట్టి ఆ ఎండలో మెరుస్తుంది, భూమి నీడలోకి వెళ్లగానే ఆరిపోతుంది. అందుకే పొద్దు గుంకిన రెండు గంటల్లోపు, తెల్లారే ముందు రెండు గంటల్లో ఎక్కువగా కనిపిస్తాయి. బాగా పెద్దగా, గురుడికంటే ఎక్కువగా వెలుగుతూ వెళ్తే అది అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రం. సుమారు 400 కిలోమీటర్ల ఎత్తులో, గంటకి దాదాపు 28,000 కిలోమీటర్ల వేగంతో తిరుగుతుంది, ఒక చుట్టుకి గంటన్నర. ఈ అంచు నుంచి ఆ అంచుకి ఐదారు నిమిషాలు. హెవెన్స్ అబోవ్ సైట్లో మీ ఊరు పెడితే ఏ రోజు ఏ టైంకి ఏ దిక్కు నుంచి వస్తుందో ముందే చెప్తుంది. పిల్లలకి ఒక్కసారి చూపించండి, అందులో మనుషులున్నారని చెప్పండి.

రైలు పెట్టెల్లాగా ముప్పై నలభై చుక్కలు వరసగా పోయాయి. ఒళ్లు జలదరించింది

స్టార్‌లింక్ అనే ఇంటర్నెట్ శాటిలైట్లు. 2019 మేలో మొదటిసారి ఒకే రాకెట్లో 60 పంపారు, అప్పటినుంచి గుంపులు గుంపులుగా పోతూనే ఉన్నాయి. ప్రయోగించిన కొత్తలో కింద కక్ష్యలో ఒకదాని వెనక ఒకటి పోతుంటాయి, రోజులు గడిచేకొద్దీ విడిపోయి పైకి వెళ్లాక అంతగా కనిపించవు. మొదటిసారి చూస్తే ఎవరికైనా గుండె దడ వస్తుంది, అందులో తప్పేం లేదు.

ఒక వెలుగు మా వైపే వస్తూ చాలాసేపు ఆగిపోయి, తర్వాత పక్కకి తిరిగింది

విమానం. నేరుగా మనవైపు వస్తున్నప్పుడు దాని ముందు దీపాలు కదలకుండా ఉన్నట్టే కనిపిస్తాయి, మలుపు తీసుకున్నప్పుడు రెక్కల దీపాలు బయటపడతాయి, ఎడమ రెక్కకి ఎరుపు, కుడి రెక్కకి ఆకుపచ్చ. చెన్నై నుంచి ఉత్తరానికి పోయేవి చాలావరకు మన జిల్లాల మీదుగానే వెళ్తాయి. ఫ్లైట్‌రాడార్24 యాప్ తెరిచి ఆ నిమిషంలో మీ నెత్తి మీద ఏముందో చూడండి.

ఊరంతా ఒక్కసారి పగలులా వెలిగి, కాసేపటికి ఉరిమినట్టు చప్పుడు వచ్చింది

పెద్ద ఉల్క అయి ఉండొచ్చు. మామూలు ఉల్క ఒకటి రెండు సెకన్లే, మనం చుక్క రాలింది అంటాం గానీ రాలేది చుక్క కాదు, చాలావరకు ఇసుక రేణువు నుంచి గులకరాయి దాకా ఉండే ముక్క. సెకనుకి 11 నుంచి 72 కిలోమీటర్ల వేగంతో గాల్లోకి దూరి 80 నుంచి 120 కిలోమీటర్ల ఎత్తులో వెలుగుతుంది. ముక్క పెద్దదైతే ఇంకా కిందికి వస్తుంది, అప్పుడే చప్పుడు వినిపిస్తుంది, వెలుగు వెంటనే కనిపించినా చప్పుడు నడిచి రావడానికి నిమిషాలు పడుతుంది.

ఇక్కడ ఒక జాగ్రత్త. 2013 ఫిబ్రవరి 15న రష్యాలోని చెల్యాబిన్‌స్క్ మీద సుమారు 20 మీటర్ల రాయి పేలినప్పుడు, ఆ వెలుగేంటో చూద్దామని జనం కిటికీల దగ్గరికి వెళ్లారు. రెండు నిమిషాల తర్వాత గాలి దెబ్బ వచ్చి అద్దాలు పగిలాయి. దాదాపు 1,500 మంది గాయపడ్డారు, ఎక్కువమందికి గాజు పెంకులే. కాబట్టి పగలులా వెలిగితే కిటికీ దగ్గరికి పోవద్దు, ఐదు నిమిషాలు ఆగండి. మామూలు ఉల్కలు చూడాలంటే ఆగస్టు 12, 13, డిసెంబరు 13, 14 రాత్రులు మంచివి. మార్కాపురం, గిద్దలూరు దాటి నల్లమల వైపు చీకటి బాగుంటుంది.

నిప్పుముక్కల గుంపు లాగా, తోకలతో, చాలా నిదానంగా పోయింది. ఉల్క అంత నిదానంగా పోతుందా?

పోదు. వాడేసిన రాకెట్ ముక్కో, పాత శాటిలైటో గాల్లోకి తిరిగి దిగుతూ కాలిపోయినప్పుడు అలా ఉంటుంది. అర నిమిషం నుంచి రెండు నిమిషాల దాకా సమాంతరంగా సాగుతూ, ముక్కలుగా విడిపోతుంది. 2022 ఏప్రిల్ 2 రాత్రి మహారాష్ట్ర, గుజరాత్, మధ్యప్రదేశ్ మీదుగా ఇలాగే కనిపించింది, చైనా రాకెట్ భాగం అని తేలింది, చంద్రపూర్ జిల్లాలో పెద్ద లోహపు రింగు పొలంలో దొరికింది.

## రాకెట్టా కాదా

అది శ్రీహరికోట రాకెట్ అని ఎలా తెలుస్తుంది?

నెల్లూరు వాళ్లకి దక్షిణాన, కొంచెం తూర్పుగా లేస్తుంది. ఒంగోలు వాళ్లకి దాదాపు సూటిగా దక్షిణం. మొదట నేల అంచు దగ్గర మబ్బు వెనక దీపం పెట్టినట్టు నారింజ రంగు కమ్ముకుంటుంది, తర్వాత ఒక గట్టి మెరుపుచుక్క నిటారుగా లేచి, మెల్లగా సముద్రం వైపు ఒరుగుతుంది. పీఎస్‌ఎల్‌వీ రకం రాకెట్ అయితే సుమారు నిమిషం యాభై సెకన్లకి మొదటి దశ, అంటే అన్నిటికంటే కింది భాగం, మండటం అయిపోతుంది, వెలుగు ఒక్కసారిగా తగ్గి చిన్న చుక్కగా మళ్లీ వెలుగుతుంది. చాలామంది "ఆగి, మాయమై, మళ్లీ వచ్చింది" అని చెప్పేది ఈ ఘట్టమే. నెల్లూరు అక్కడికి గాలిదారిన ఎనభై కిలోమీటర్ల పైమాటే, కాబట్టి చప్పుడు వినిపించినా నాలుగు నిమిషాల తర్వాతే. సూళ్లూరుపేటలో మాత్రం తలుపులు అదురుతాయి.

2024 డిసెంబర్ 30 రాత్రి 10 గంటలకి స్పేడెక్స్ అనే జంట శాటిలైట్లని తీసుకుని పీఎస్‌ఎల్‌వీ-సీ60 వెళ్లినప్పుడు మిద్దె మీద నా పక్కన ఎనిమిదేళ్ల పాప ఉంది. నిప్పు కనిపించగానే అరిచింది, మొదటి దశ ఆరిపోగానే "పడిపోయిందా?" అని నా చెయ్యి పట్టుకుంది. మళ్లీ చుక్క వెలిగేదాకా వదల్లేదు. ప్రయోగం తేదీ, టైం ఇస్రో ముందే ప్రకటిస్తుంది, పేపర్లో కూడా వస్తుంది. 2022 అక్టోబరులో ఎల్‌వీఎం3 అనే పెద్ద రాకెట్ అర్ధరాత్రి దాటాక 12:07కి వెళ్లింది, అలాంటి టైముల్లో నిద్రలేచి బయటికి వచ్చినవాళ్లకి అది రాకెట్ అని తట్టకపోవడం సహజం.

తెల్లవారుజామున ఆకాశంలో తెల్లగా, నీలంగా పాములా మెలికలు తిరిగిన పొగ మెరిసింది, చాలాసేపు ఉంది

నేల మీద ఇంకా చీకటి, పైన అప్పటికే ఎండ, ఆ మధ్య టైంలో రాకెట్ వదిలిన పొగ మీద సూర్యుడు పడితే అలా వెలుగుతుంది. ఒక్కో ఎత్తులో గాలి ఒక్కో వైపు వీస్తుంది కాబట్టి తిన్నటి గీత కాస్తా మెలికలు తిరుగుతుంది. 2022 ఫిబ్రవరి 14 ఉదయం 5:59కి పీఎస్‌ఎల్‌వీ-సీ52, 2025 జనవరి 29 ఉదయం 6:23కి జీఎస్‌ఎల్‌వీ-ఎఫ్15 ఇలాంటి వేళల్లోనే వెళ్లాయి. రెండోది శ్రీహరికోట నుంచి 100వ ప్రయోగం. నాకైతే రాత్రి ప్రయోగం కంటే ఇదే అందం.

ఆ రోజు శ్రీహరికోటలో ఏమీ లేదు, అయినా తూర్పున వెలుగు గరాటు లాగా విచ్చుకుంది

క్షిపణి పరీక్ష కావచ్చు. 2022 డిసెంబర్ 15 సాయంత్రం ఒడిశా తీరంలోని అబ్దుల్ కలాం దీవి నుంచి అగ్ని-5 వెళ్లినప్పుడు పశ్చిమ బెంగాల్‌లో చాలామంది చూసి కంగారుపడ్డారు. వందల కిలోమీటర్ల ఎత్తుకి పోయేది కాబట్టి దూరపు రాష్ట్రాలకి కూడా కనిపిస్తుంది. బంగాళాఖాతం మీద విమానాలు రావొద్దని ముందుగా నోటీసు ఇస్తారు, వార్త మాత్రం పరీక్ష అయ్యాకే వస్తుంది. ఒక రోజు ఆగి పేపర్ చూడండి.

## నేలకి దగ్గరగా కనిపించేవి

మా చేల వైపు రాత్రి మంట లాంటిది నడుస్తూ పోయింది. మా నాయనమ్మ కొరివి దెయ్యం అంటోంది

నాయనమ్మ అబద్ధం చెప్పడం లేదు, ఆమె కాలంలో చేలల్లో నడిచే వెలుగుకి ఆ పేరే ఉంది. బురద నేలల్లో కుళ్లిన మొక్కల నుంచి వచ్చే గ్యాస్ అంటుకుంటుందని ఒక వివరణ ఉంది గానీ అది పూర్తిగా రుజువైన సంగతి కాదు. ఇప్పుడు మన వైపు నేను తేల్చగలిగినవి మాత్రం మనుషుల దీపాలే: మోటారు వెయ్యడానికి వెళ్లే రైతు టార్చి, పంటలోకి అడవిపందులు రాకుండా కాపలా కాసేవాళ్లు, రొయ్యల చెరువు గట్టు మీద మేత వేసేవాళ్ల తల లైటు. గట్టు కనిపించదు, మనిషి కనిపించడు, దీపం మాత్రం నీటి మీద నడుస్తుంది. ఒంటరిగా వెంటపడొద్దు, చీకట్లో బావులూ తెగిన కరెంటు తీగలూ దెయ్యం కంటే ప్రమాదం.

తుఫాను రాత్రి దూరంగా ఆకుపచ్చగా, నీలంగా మెరిసింది, మెరుపు తెల్లగా కదా ఉండాలి?

గాలికి కరెంటు తీగలు ఒకదానికొకటి తగిలినా, ట్రాన్స్‌ఫార్మర్ కాలినా ఆ రంగు వెలుగు వస్తుంది, కింద మబ్బు మీద పడి ఆకాశమే మెరిసినట్టు ఉంటుంది. ఆ వెంటనే ఒక వైపు ఊళ్లలో దీపాలు పోతే అదే.

మబ్బుల మీద గుండ్రటి వెలుగులు చుట్టూ తిరుగుతున్నాయి

ఉత్సవాల్లో, పెద్ద ఫంక్షన్లలో పెట్టే సెర్చ్‌లైట్లు. రొట్టెల పండుగ రోజుల్లో, తిరునాళ్లప్పుడు ఎక్కువ అడుగుతారు. ఒకే వేగంతో అదే బాటలో తిరుగుతుంటే అనుమానమే లేదు.

## తెల్లారాక

పొలంలో నల్లటి రాయి దొరికింది, రాత్రి పడిందే అంటున్నారు. లక్షలు పలుకుతుందంటున్నారు

నిజమైన ఉల్కరాయికి పైన పల్చటి నల్లటి కాలిన పొర ఉంటుంది, చాలావాటికి అయస్కాంతం అతుక్కుంటుంది, బరువుగా ఉంటుంది, లోపల గాలి బుడగల రంధ్రాలు ఉండవు. రంధ్రాలుంటే అది ఇనుప కొలిమి చిట్టెమో మామూలు రాయో. మన దేశంలో దొరికిన ఉల్కరాళ్లని జియోలాజికల్ సర్వే ఆఫ్ ఇండియా భద్రపరుస్తుంది. దొరికిన చోటే ఫోటో తీసి, శుభ్రమైన కవర్లో పెట్టి, తహసీల్దార్ ఆఫీసు ద్వారా వాళ్లకి చేరేలా చూడండి. కడగొద్దు, పగలగొట్టొద్దు. లక్షలు ఇస్తాం అడ్వాన్సు కట్టమని ఫోన్ చేసేవాళ్లని నమ్మొద్దు.

రాయి కాదు, లోహపు ముక్క, లేకపోతే పెద్ద ప్లాస్టిక్ గుడ్డతో ఏదో పెట్టె దిగింది

లోహపు ముక్క అయితే ముట్టుకోవద్దు, రాకెట్ భాగాల్లో విషపూరితమైన ఇంధనం మిగిలి ఉండొచ్చు. పిల్లల్ని, గొడ్లని దూరంగా ఉంచి 112 కి చెప్పండి. పెట్టె, పారాచూట్ ఉంటే పరిశోధన బెలూన్ కావచ్చు. హైదరాబాద్‌లో టాటా ఫండమెంటల్ రీసెర్చ్ సంస్థకి బెలూన్ కేంద్రం ఉంది, అక్కడి బెలూన్లు 30 నుంచి 40 కిలోమీటర్ల ఎత్తుకి వెళ్లి వందల కిలోమీటర్ల దూరంలో దిగుతాయి. 2022 డిసెంబర్‌లో వికారాబాద్ జిల్లా పొలాల్లో గదిలాంటి గుండ్రటి పెట్టె దిగితే చుట్టుపక్కల ఊళ్లన్నీ కదిలివచ్చాయి, అది ఇలాంటి బెలూన్ ప్రయోగంలోదే. పెట్టె మీద నంబరు రాసి ఉంటుంది, విప్పకుండా ఫోన్ చెయ్యండి.

వెలుగు కనిపిస్తే భూకంపం వస్తుందట, నిజమా?

అలా ముందుగా చెప్పగలిగే పద్ధతి ఎక్కడా లేదు. 1967లో ఒంగోలు దగ్గర పెద్ద భూకంపమే వచ్చింది, 2024 డిసెంబర్‌లో ముండ్లమూరు, తాళ్లూరు వైపు వరసగా చిన్న ప్రకంపనలు వచ్చాయి, అందుకే ఆ భయం ఇక్కడ ఎక్కువ. భయపడడంలో తప్పు లేదు, కానీ ఆకాశంలో వెలుగు చూసి ఇల్లు ఖాళీ చెయ్యాల్సిన పని లేదు. భూమి కదిలినప్పుడు ఏ మంచం కింద దూరాలో ఇంట్లో అనుకుని ఉంచుకోండి, అది పనికొస్తుంది.

అన్నీ చూశాం, దేనికీ సరిపోలేదు. అంటే వేరే గ్రహం వాళ్లేనా?

సరిపోలకపోతే "తేలలేదు" అని రాసుకోవాలి, అంతే. అమెరికా వైమానిక దళం ఇలా ఆకాశంలో కనిపించే వింతల మీద 1969 దాకా నడిపిన బ్లూ బుక్ ప్రాజెక్టులో 12,618 సంఘటనలు పరిశీలిస్తే 701 తేలకుండా మిగిలాయి. 2023 సెప్టెంబర్‌లో నాసా నియమించిన బృందం కూడా వేరే గ్రహాల నుంచి వచ్చాయనడానికి ఆధారం దొరకలేదనీ, అసలు సమస్య సరైన వివరాలు లేకపోవడమేననీ చెప్పింది. నా నోటుపుస్తకంలో కూడా మూడు తేలనివి ఉన్నాయి, అందులో ఒకటి నేను చూసిందే. ఏడు సెకన్లు, ఈశాన్యం, నాలుగు పిడికిళ్ల ఎత్తు, పసుపు రంగు. ఏటా ఒకసారి తీసి చూస్తాను. కొత్తగా ఏదైనా తెలిస్తే దానితో పోల్చి చూస్తాను, కుదరకపోతే మళ్లీ మూసి పెడతాను.

ఎవరికి చెప్పినా నవ్వుతున్నారు, చెప్పకుండా ఉండిపోవడమే మేలా?

చెప్పండి. నవ్వేవాళ్లకి కాదు, ముందు కాగితానికి చెప్పండి: తేదీ, టైం, ఊరు, దిక్కు, ఎత్తు, ఎంతసేపు, రంగు, చప్పుడు. ఆ రాత్రే రాయండి, తెల్లారితే జ్ఞాపకం మారిపోతుంది. పెద్ద ఉల్క అనిపిస్తే అంతర్జాతీయ ఉల్కల సంస్థ సైట్లో ఫారం నింపొచ్చు, మీరు ఒక ఊరి నుంచి, ఇంకొకరు ఇంకో ఊరి నుంచి చెప్పిన దిక్కులు కలిపితే అది ఎక్కడి నుంచి వచ్చి ఎక్కడ పడిందో గీత గీయొచ్చు. కందుకూరులో మీరు చూసిందే కనిగిరిలో ఇంకొకరు చూసి, నవ్వుతారేమోనని నోరు మూసుకుని ఉండొచ్చు. ఆ ఇద్దరి కాగితాలూ ఒకచోటికి రావాలి.